గూడెం వాటా లేని బడ్జెట్ పంపకండి: ఆదివాసీ ఊళ్లతో ఇంజనీరింగ్ పనికి నిధులు తెచ్చుకునే పద్ధతి

పోయిన నెల మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకమ్మాయి ప్రపోజల్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "మేడమ్, ఒక్కసారి చూసిపెడతారా, సోమవారం లాస్ట్ డేట్" అంది. ఆదివాసీ గూడేల్లో మంచినీటి శుద్ధి గురించి. చక్కగా రాసింది. నేను ఎప్పటిలాగే ముందు బడ్జెట్ పేజీ తీశాను. పరికరాలు, జేఆర్ఎఫ్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలో) జీతం, ప్రయాణాలు, కన్స్యూమబుల్స్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్. అన్నీ హైదరాబాద్‌లో మొదలై హైదరాబాద్‌లోనే ఖర్చయ్యేవి. గూడెం మనిషి చేతికి చేరే రూపాయి ఆ పేజీలో ఒక్కటీ లేదు.

ఆ అమ్మాయికి మనసు లేక కాదు. ఫారంలో ఆ గడి లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ల కింద నేనూ అచ్చం అలాంటి ప్రపోజలే రాశాను. నాది మెకానికల్, థర్మల్ స్పెషలైజేషన్. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దగ్గర ఒక కొలాం తెగ గూడెంలో ఇప్పపువ్వు ఎండబెట్టే సోలార్ డ్రయ్యర్ మీద పని చేస్తున్నాను. ఆ రోజు సాయంత్రం ఆమెతో కూర్చుని చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్ కాలేజీల్లో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్లు నేను పోగొట్టుకున్న రెండేళ్లు పోగొట్టుకోకూడదు.

ముందు మాసాబ్ ట్యాంక్, తర్వాత ఉట్నూరు

ప్రపోజల్ మొదలుపెట్టే ముందు ఒక రోజు సెలవు పెట్టి మాసాబ్ ట్యాంక్ వెళ్లండి. అక్కడ ట్రైబల్ కల్చరల్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1963 నుంచి. పక్కనే నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం. లైబ్రరీలో కూర్చుని మీరు వెళ్లబోయే తెగ గురించి ఉన్నదంతా చదవండి. 'ట్రైబల్ కమ్యూనిటీ' అని ఒక్క ముక్కలో రాసేస్తాం కానీ గోండులు వేరు, కొలాములు వేరు, పర్ధాన్లు వేరు, తోటీలు వేరు. భద్రాచలం వైపు కోయలు, కొండరెడ్లు. నల్లమలలో చెంచులు, వాళ్ల నివాసాన్ని పెంట అంటారు. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో గిరిజనులు దాదాపు 32 లక్షలు. వాళ్లలో చెంచు, కొలాం, కొండరెడ్డి, తోటి తెగల్ని కేంద్రం ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాలుగా గుర్తించింది. మీ గూడెం ఈ నాలుగు తెగల్లో ఏదైనా అయితే 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద అక్కడ ఇళ్లు, నీళ్లు, రోడ్లు, కరెంటు పనులు ఏవి మంజూరయ్యాయో ముందే కనుక్కోండి. ప్రభుత్వం పైపు వేస్తున్న చోట మనం పైపు గురించి ప్రపోజల్ రాసి అందరి టైమూ వృథా చేయకూడదు.

హైదరాబాద్‌లోని యూనివర్సిటీల నుంచి గూడేలకు దారి మనతో మొదలు కాలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించాక, నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి ఆస్ట్రియా ఆంత్రపాలజిస్టు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మర్లవాయిలో ఉండి పని చేశారు, తర్వాత ఉస్మానియాలో ఆంత్రపాలజీ చెప్పారు. 1943లో మర్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ సెంటర్ పెట్టించారు. పాఠం గోండిలో, చెప్పేది గోండు టీచర్. బయటి మనిషి వచ్చి పోతాడు, నేర్పే మనిషి ఊళ్లోనే ఉండాలి అనే ఆలోచన అందులో ఉంది. నేను బడ్జెట్ గురించి చెప్పేదంతా అక్కడినుంచే నేర్చుకున్నాను.

ఇక గూడెం ప్రయాణం. జేబీఎస్‌లో రాత్రి బస్సెక్కి వెళ్లి, మొదటిసారి ఏ పరికరమూ తీసుకెళ్లకండి. ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ప్రాజెక్ట్ ఆఫీసర్‌ను కలవండి. అందరూ పీవో గారు అంటారు. తర్వాత గూడెం పెద్ద, అంటే పటేల్ దగ్గరికి వెళ్లండి. గోండు ప్రాంతమైతే రాయిసెంటర్ (గోండుల సంప్రదాయ పంచాయతీ) పెద్ద అయిన సార్‌మేడిని కలవకుండా ముందుకు పోవద్దు. సర్పంచ్‌ను కలిశాను కదా, చాలదా అని అడుగుతారు కొందరు. చాలదు. సర్పంచ్ పంచాయతీకి పెద్ద. ఆచారానికి, మాటకి పెద్దలు వేరే ఉంటారు.

నా మొదటి డ్రయ్యర్ కథ ఇక్కడ చెప్పాలి. దాన్ని నేను ల్యాబ్‌లోనే గీశాను. నడుమెత్తు క్యాబినెట్, పైన గాజు మూత, పన్నెండు వోల్టుల ఫ్యాన్. వర్క్‌షాప్‌లో చేయించి, వ్యాన్‌లో తీసుకెళ్లి దింపాం. మూడో రోజు వెళ్లి చూస్తే అందులో ఎవరూ పువ్వు పోయలేదు. ఎప్పటిలాగే పేడతో అలికిన వాకిట్లో ఆరబోసి ఉంది. ఒక పెద్దమ్మ ఆ పువ్వు ముందు కూర్చుని వేళ్లతో తిప్పుతూ, మధ్యలో పుల్లలు ఏరి పక్కన పడేస్తోంది. పక్కన ఇంకో ముగ్గురు. నేను డ్రయ్యర్ ఎందుకు వాడలేదని అడిగాను. ఆమె కొలామీలో చెబితే మనవడు తెలుగు చేశాడు: "కూసొని ఏరే పని నిలబడి ఎట్ల చేస్తం?"

తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుని అరచేతిలో ఒక గుప్పెడు పువ్వు పోసి మూసింది. తెరిస్తే రెండు మూడు పువ్వులు చర్మానికి అంటుకుని ఉన్నాయి. తల అడ్డంగా ఊపింది. ఇంకో కుప్పలోంచి ఇంకో గుప్పెడు పోసింది. అవి ఇటుక రంగుకి తిరిగి, ఎండుద్రాక్షలా ముడుచుకుని, చెయ్యి తెరవగానే విడివిడిగా జారిపోయాయి. ఈసారి తల నిలువుగా ఊపింది. ఎండిందో లేదో తేల్చే పరీక్ష అది. నా ల్యాబ్‌లో తేమ కొలిచే యంత్రం ఉంది. ఆ గూడెంలో అందరికీ చేతిలోనే ఉంది. ఆ తర్వాత మేం తీసిన ప్రతి నమూనాకీ పక్కనే ఒక గడి పెట్టి ఆమె చేతి తీర్పు కూడా రాసుకున్నాం.

డిజైన్ మార్చాలి. కానీ మంజూరైన డబ్బంతా గాజు క్యాబినెట్‌కే అయిపోయింది. మళ్లీ చేయడానికి పేజీలో ఒక్క రూపాయీ మిగల్లేదు. అందుకే చెబుతున్నాను, మొదటి ప్రపోజల్ పరికరం కోసం రాయకండి. వెళ్లి రావడానికి రాయండి.

డబ్బు ఎక్కడ అడగాలి

ఆ వెళ్లి రావడానికి సరిపోయేది మీ కాలేజీ సీడ్ మనీ. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ మూల్యాంకనంలో అధ్యాపకులకు రీసెర్చ్ కోసం సొంతంగా సీడ్ మనీ ఇస్తున్నారా అని చూస్తారు కాబట్టి చాలా కాలేజీల్లో ఆ పద్దు ఉంటుంది, అడిగేవాళ్లే తక్కువ. ప్రిన్సిపల్‌కి రెండు పేజీల లెటర్ చాలు. నాలుగు ప్రయాణాలు, దుబాసికి కూలి, సమావేశాల రోజు భోజనాలు. పరికరం పేరు ఎత్తొద్దు. "సమస్య ఏమిటో ఊరివాళ్లతో కలిసి తేల్చడానికి" అని రాయండి.

రెండోది ఉన్నత్ భారత్ అభియాన్. 2014లో మొదలైంది, ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తుంది. మీ కాలేజీ అందులో చేరితే కనీసం 5 గ్రామాలు దత్తత తీసుకోవాలి. మొత్తాలు చిన్నవే, కానీ గ్రామానికి వెళ్లడానికి అధికారికంగా ఒక పేరు, ఒక ఫైలు దొరుకుతాయి. ఒక్క మాట. దూరం తక్కువని అందరూ శంషాబాద్, ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఊళ్లే రాసుకుంటారు. ఆదివాసీ గూడెం కూడా ఒకటి ఉండాలని కోఆర్డినేటర్‌తో పట్టుబట్టండి.

పెద్ద డబ్బు కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, అంటే డీఎస్టీలో సీడ్ విభాగం దగ్గర ఉంటుంది. ఇది కాలేజీ ఇచ్చే సీడ్ మనీ కాదు, సమానత్వం, సాధికారత, అభివృద్ధి కోసం సైన్స్ అనే విభాగం పేరు. కేంద్ర మంత్రిత్వ శాఖల బడ్జెట్‌లో గిరిజనుల కోసం విడిగా ఒక భాగం పెట్టాలన్న విధానం అయిదో పంచవర్ష ప్రణాళిక నాటిది. అప్పట్లో ట్రైబల్ సబ్ ప్లాన్ అనేవారు, ఇప్పుడు షెడ్యూల్డ్ ట్రైబ్ కాంపొనెంట్ అంటున్నారు. ఈ విభాగం ప్రపోజల్స్ పిలిచినప్పుడు జర్నల్ పేపర్ల కంటే ఎన్ని కుటుంబాలకు ఏం మారుతుంది అన్నదే ముందు చూస్తారు. మీ పబ్లికేషన్ లిస్టు చిన్నదని వెనకాడకండి. గూడెంతో ఉన్న పరిచయం ఎన్నేళ్లదో, ఎన్నిసార్లు వెళ్లారో తేదీలతో రాయండి.

రాష్ట్రంలో 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. దాని డబ్బు శాఖల ద్వారా వెళ్తుంది, మనకి నేరుగా రాదు. కానీ మీ ప్రోటోటైప్ పనిచేస్తే ఐటీడీఏ దాన్ని పది గూడేలకు పెంచగలిగే దారి అదే. కాబట్టి పీవో గారిని ప్రాజెక్ట్ చివర్లో కాకుండా మొదటి నెల నుంచే సమీక్షకు పిలవండి.

కంపెనీల సీఎస్ఆర్ కూడా ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. హైటెక్ సిటీ పక్కనే ఉన్నాం, అడగడం తేలిక. ఒక జాగ్రత్త చెబుతాను. కంపెనీ వాళ్లు ఏడాదిలో ఫోటో అడుగుతారు, బోర్డు పెట్టమంటారు. గూడెం వాళ్లు ఒప్పుకుంటేనే ఫోటో, ఒప్పుకున్న చోటే బోర్డు అని ఒప్పందంలోనే రాయించండి. తర్వాత చెబితే ఎవరూ వినరు.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది, 2023 చట్ట సవరణతో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని దానికి మెంటార్‌గా పెట్టారు. కోయ ప్రాంతంలో పని చేయాలనుకునే ఇంజనీర్లు కో ఇన్వెస్టిగేటర్‌ను అక్కడ వెతకడం మంచిది.

బడ్జెట్ పేజీ

అసలు పని ఇక్కడే. నేను ఇప్పుడు ఏ ప్రపోజల్ రాసినా పేజీకి పైన పెన్సిల్‌తో ఒక గీత గీసుకుంటాను. ఎడమ పక్క కాలేజీకి పోయేది, కుడి పక్క గూడెంలో ఖర్చయ్యేది. కుడి పక్క మూడో వంతు కూడా రాకపోతే మళ్లీ రాస్తాను. ఆ మూడో వంతు ఎవరూ పెట్టిన నియమం కాదు, నేను పెట్టుకున్నది.

కుడి పక్క మొదటి పేరు ఫీల్డ్ వర్కర్. డీఎస్టీ ప్రాజెక్టుల్లో ఈ పోస్టు ఉంది, డిగ్రీ అర్హతతో, నెల జీతంతో. గూడెంలోనో పక్క గూడెంలోనో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్లలో ఒకరికి ఈ ఉద్యోగం ఇవ్వండి. కొలామీ వచ్చు, గోండి వచ్చు, తెలుగు వచ్చు, ఏ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉంటారో తెలుసు. నా జేఆర్ఎఫ్ ఆరు వారాల్లో పూర్తి చేయలేని సర్వే మా ఫీల్డ్ వర్కర్ పన్నెండు రోజుల్లో చేసింది. పేపర్ రాసేటప్పుడు ఆమె పేరు రచయితల్లోనే పెట్టాం. చివర్లో కృతజ్ఞతల్లో పెట్టి సరిపెట్టలేదు.

రెండోది కూలి. సర్వేకి, సమావేశానికి పిలిచినప్పుడు ఆ పూట వాళ్ల పని పోతుంది. 2024-25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు ఉండేది, ఇప్పటి రేటు ఎంతో కనుక్కోండి. దానికి తక్కువ ఎప్పుడూ లెక్క కట్టొద్దు. డిజైన్‌లో సలహా చెప్పే పెద్దలకి కూలి లెక్క కాదు, కన్సల్టెంట్ లెక్క. ఆ పెద్దమ్మ చేతి పరీక్ష మా ప్రాజెక్టులో ఒక మెజర్‌మెంట్ పద్ధతి. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌పర్ట్‌కి ఎంత ఇస్తారో అంతే గౌరవ వేతనం ఆమెకీ రాశాను. అకౌంట్స్‌లో "క్వాలిఫికేషన్ ఏంటి మేడమ్?" అని ఫైలు వెనక్కి పంపారు. యాభై ఏళ్ల అనుభవం అని రాసి పంపాను. మూడోసారికి సంతకం పడింది. మీరు మొదటే జస్టిఫికేషన్ కాలమ్‌లో అర పేజీ రాసేయండి, నాలాగా మూడుసార్లు తిరగక్కర్లేదు.

మూడోది కొనుగోళ్లు. రెండో డిజైన్‌లో గాజు తీసేసి కూర్చుంటే అందే ఎత్తులో వెదురు తట్టలు పెట్టాం. కొలాములు వెదురు అల్లికలో ఆరితేరిన వాళ్లు, తట్టలు ఆ గూడెంలోనే అల్లారు. మా పర్చేజ్ సెక్షన్ మూడు కొటేషన్లు, జీఎస్టీ నంబరు అడిగింది. తట్ట అల్లే అవ్వకి జీఎస్టీ ఎక్కడిది? దీనికి దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఖర్చుల నియమాలు, అంటే జీఎఫ్ఆర్ 2017లో 154వ నియమం ప్రకారం చిన్న కొనుగోళ్లకి కొటేషన్ అక్కర్లేదు, అధికారి సర్టిఫికెట్ చాలు. పరిమితి ఎంతో ఫైనాన్స్‌లో అడిగి, దాని లోపలికి వచ్చేలా కొనుగోలు ప్లాన్ చేసుకోండి. డబ్బు సొంత బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా పనిచేస్తుందో లేదో ప్రాజెక్ట్ మొదలయ్యే ముందే ఫీల్డ్ వర్కర్‌తో చెక్ చేయించండి. చాలా ఖాతాలు కేవైసీ లేక ఆగిపోయి ఉంటాయి.

నాలుగోది రిపేరు. ప్రాజెక్ట్ మూడేళ్లు, పరికరం ఆ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. గూడెంలో ఇద్దరికి రిపేరు నేర్పడానికి, విడిభాగాల పెట్టెకి, ప్రాజెక్ట్ అయ్యాక రెండు ప్రయాణాలకి డబ్బు రాయండి. ప్రాజెక్ట్ తర్వాతి ప్రయాణానికి గ్రాంట్ ఇవ్వరు కాబట్టి దాన్ని కాలేజీ వాటాగా చూపించి ప్రిన్సిపల్ సంతకం తీసుకోండి.

క్యాలెండర్ మాట మర్చిపోకండి. మార్చి నుంచి ఏప్రిల్ వరకు ఇప్పపువ్వు. తెల్లవారుజామున రాలుతుంది, చీకటితోనే ఏరడానికి వెళ్తారు. తర్వాత తునికాకు. జూన్‌లో విత్తనాలు. వానాకాలం వాగులు పొంగితే దారే ఉండదు. దీపావళికి ముందు దండారి నృత్యాల పండుగ, పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మనకి వేసవి సెలవులు దొరికే మే నెలలో వాళ్లు ఆకు ఏరుతుంటారు, పగలు గూడెంలో మనిషి ఉండడు. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ రాయరు. ఇప్పపువ్వు కాలం సరిగ్గా ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31ని దాటుకుంటూ వస్తుంది. ఆ రెండు వారాలు అకౌంట్స్ మూసేస్తారు, కొత్త ఏడాది విడుదల ఇంకా రాదు. పువ్వు రాలుతుంటే మన దగ్గర డీజిల్‌కి డబ్బుండదు. మొదటి ఏడాది అలా ఒక సీజన్ మొత్తం పోయింది. ఇప్పుడు తట్టలు, విడిభాగాలు జనవరిలోనే కొనేస్తాం. ప్రయాణానికి అడ్వాన్స్ ఫిబ్రవరిలో తీసుకుని మార్చి మూడో వారంలో సెటిల్ చేస్తాం, ఏప్రిల్ ప్రయాణాలు కాలేజీ వాటాలో పెడతాం.

అనుమతులు, ఒప్పుకోలు

షెడ్యూల్డ్ ఏరియాలో 1996 నాటి పెసా (గిరిజన ప్రాంతాల పంచాయతీల) చట్టం ప్రకారం గ్రామసభ మాటకి బలం ఉంది. మీ ప్రాజెక్టుకి ఆ చట్టం కింద తీర్మానం తప్పనిసరి కాకపోయినా తీసుకోండి. తీర్మానం తీసుకునే రోజు డ్రాయింగ్ చూపించి, ఖర్చు చెప్పి, వద్దంటే ఆపేస్తామని చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. పరికరం పెట్టే స్థలం ఎవరిదో రాయించుకోండి. గిరిజన భూముల బదిలీని ఆపే 1/70 చట్టం వల్ల అక్కడ భూమి గిరిజనేతరుల పేరున మారదు. కాలేజీ పేరున లీజు అనే ఆలోచనే పెట్టుకోకండి. ఊరి ఉమ్మడి స్థలం, ఊరి ఉమ్మడి ఆస్తి. గూడెం కవ్వాల్ లేదా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల ఉంటే అటవీశాఖ అనుమతికి నెలలు పడుతుంది, దానికి ముందే దరఖాస్తు చేయండి.

ఎథిక్స్ కమిటీ మీ ఇంజనీరింగ్ కాలేజీలో లేకపోతే మీ యూనివర్సిటీ కమిటీకి పంపండి. ఒప్పుకోలు పత్రం ఇంగ్లిష్‌లో ప్రింటు తీసి వేలిముద్ర వేయించడం అసలు వద్దు. ఫీల్డ్ వర్కర్ కొలామీలో చదివి వినిపించాలి, ప్రశ్నలు అడగనివ్వాలి, ఒక రాత్రి టైమివ్వాలి. ఆధార్ నంబర్లు, కాపీలు అడగొద్దు. మన పరిశోధనకి వాటి అవసరం లేదు.

ఈ విషయంలో బయటి దేశాల ఆదివాసులు మనకంటే ముందు నడిచారు. కెనడాలో ఫస్ట్ నేషన్స్ వాళ్లు 1998లోనే తమ సమాచారం తమ యాజమాన్యంలో, తమ అదుపులో ఉండాలని సూత్రాలు పెట్టుకున్నారు. అక్కడి పరిశోధన నైతిక విధానంలో ఆదివాసులతో పనికి ఒక అధ్యాయమే ఉంది, తొమ్మిదోది. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో పరిశోధకులకి తమ సొంత నియమావళి రాసి ఇచ్చారు. మన దగ్గర కేరళలో కాణి తెగ ఉదాహరణ ఉంది. వాళ్లు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో తిరువనంతపురం దగ్గరి మొక్కల పరిశోధన సంస్థ టీబీజీఆర్ఐ 'జీవని' మందు చేసింది. లైసెన్సు ఫీజు, రాయల్టీల్లో సగం తెగకి అని ఒప్పుకుంది. ఆ డబ్బు కోసం 1997లో కాణీలు ట్రస్టు పెట్టుకున్నారు. ఆ కథలో గొడవలూ జరిగాయి, అయినా వాటా రాసుకోవచ్చని అది నిరూపించింది. మా డ్రయ్యర్ విషయంలో తట్ట డిజైన్ కాలేజీలో పేటెంట్లు చూసే ఐపీఆర్ సెల్‌కి వెళ్లకుండా గూడెం పేరున ప్రచురించేశాం. పేటెంట్ చట్టం 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వరు కానీ, దాని మీద చిన్న మార్పు చేసి ఎవరో తీసుకోవచ్చు. ముందే ప్రచురిస్తే ఆ దారి మూసుకుంటుంది.

పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు

బీటెక్ పిల్లలకి ఏఐసీటీఈ 100 యాక్టివిటీ పాయింట్లు ఉన్నాయి, నాలుగేళ్లలో తెచ్చుకోవాలి. పాయింట్ల కోసం బస్సు నిండా యాభై మందిని గూడెంలో దింపే పని మాత్రం చేయకండి. ఇరవై ఇళ్ల గూడెం అది. నేను ఆరుగురిని తీసుకెళ్తాను. వెళ్లే ముందు మూడు క్లాసులు: తెగ చరిత్ర, కొలామీలో పాతిక మాటలు, ఫోన్ జేబులోంచి ఎప్పుడు తీయకూడదో. భోజనం గూడెంలో మహిళా సంఘం వండుతుంది, మనిషికి ఇంత అని డబ్బిస్తాం. అది కూడా కుడి పక్క గడే.

గూడెం వాళ్లు కాలేజీకి కూడా రావాలి. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు ఇచ్చింది, దానికి డిగ్రీ తప్పనిసరి కాదు, అనుభవం ముఖ్యం. ఆ పోస్టు మా కాలేజీలో ఇంకా సాధించలేకపోయాను, కానీ ఆ కాగితం చూపించి గెస్ట్ లెక్చర్ సాధించాను. నిరుడు వెదురు అల్లే ఇద్దరు మా వర్క్‌షాప్‌లో రెండు రోజులు క్లాసు తీసుకున్నారు. వెదురు బద్ద ఎండ వైపు చీలుతుందా నీడ వైపు చీలుతుందా అని వాళ్లు అడిగితే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో ఫస్ట్ వచ్చిన కుర్రాడు లేచి నిలబడి, తెలియదని చెప్పి, నోట్‌బుక్ తెరిచి వాళ్ల పక్కన కింద కూర్చున్నాడు. ఆ ఇద్దరికి రానుపోను చార్జీలు, ఉండటానికి గెస్ట్‌హౌస్‌లో గది, రెండు రోజుల గౌరవ వేతనం. గది విషయంలో గట్టిగా ఉండండి, హాస్టల్ వరండా కాదు.

డబ్బు వచ్చాక

యూసీ, అంటే ఖర్చు వినియోగ ధ్రువపత్రం, జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో వెళ్తుంది, వడ్డీ వెనక్కి కట్టాలి, ఇవన్నీ మీ అకౌంట్స్ వాళ్లే చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. మస్టర్ రోల్ (కూలి హాజరు పట్టీ), తట్టల రసీదులు, ఒప్పుకోలు రికార్డింగులు ప్రతి ప్రయాణం నుంచి తిరిగొచ్చిన మర్నాడే ఫైలు చేయండి. విడుదల ఆలస్యమైతే ముందు ఆగాల్సింది మన కన్స్యూమబుల్స్, గూడెంలో ఇవ్వాల్సిన కూలి ఆగకూడదు. దాని కోసం డిపార్ట్‌మెంట్ ఫండ్ నుంచి చిన్న రివాల్వింగ్ అడ్వాన్స్ మంజూరు చేయించుకోండి. ఒకసారి మాకు రెండో విడత ఏడు నెలలు రాలేదు. ఆ అడ్వాన్స్ లేకపోతే ఫీల్డ్ వర్కర్ జీతం ఆగిపోయేది, ఆమె పనికోసం నిర్మల్ వెళ్లిపోయేది.

ఇక ఆఖరి పని, సబ్మిట్ నొక్కే ముందు రోజు చేసేది. బడ్జెట్ పేజీని తెలుగులో రాసుకుని గూడెంలో చదివి వినిపించండి. వెళ్లలేకపోతే ఫోన్లో స్పీకర్ పెట్టించి అయినా సరే. కిందటిసారి నేను పటేల్ ఇంటి ముందు వేపచెట్టు కింద చదివాను. ప్రతి గడికీ ఎవరికి, ఎంత, ఎందుకు అని చెప్పాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. ఓవర్‌హెడ్ దగ్గర ఆగి, ఇది కాలేజీ కరెంటుకి, ఆఫీసుకి అన్నాను. పెద్దమ్మ మనవడి వైపు తిరిగి ఏదో అడిగింది.

"మన డ్రయ్యర్ కరెంటుకి ఏడుంది అంటోంది మేడమ్."

ఫ్యాన్ బ్యాటరీ మూడేళ్లకి మార్చాలి. ఆ గడి నేను రాయలేదు. అక్కడే పెన్ను తీసి రాశాను.